నాయన ఎత్తు దిండు

మా నాయన పరుపులు, దిండ్లు కుట్టే మనిషి. హిందూపురంలో మార్కెట్ వెనక సందులో ఒక గది, ఆ గది వెనక దూది ఏకే మిషను, ముందు వైపు ఆయన కూర్చుని కుట్టుకునే చాప. దానికి ఆనుకునే మా ఇల్లు. నలభై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల పెళ్లి పరుపు కావాలంటే మా నాయన దగ్గరికే వస్తారు. అలాంటి మనిషి ఒకసారి తన కోసమని ఒక దిండు కుట్టుకున్నాడు. జానెడున్నర ఎత్తు. గట్టిగా కూరిన బూరుగు దూది. వీపు ఆనే చోట పల్లంగా మొదలై తల దగ్గరికి వచ్చేసరికి బాగా ఎత్తుగా ఉండే వాలు.

ఆ ఆదివారం నేను పెనుకొండ నుంచి వచ్చాను. దిండు చూసి, ఇదెవరి ఆర్డరు నాయనా అని నవ్వాను. తనదేనన్నాడు. మెడ పట్టేస్తోందట. వంటింట్లో మా అమ్మ చపాతీలు కాలుస్తూ ఉంది. ఆ మాట విని ఒకసారి మా వైపు చూసి మళ్లీ పెనం వైపు తిరిగింది. నేను ఆ సంగతి అక్కడితో వదిలేశాను.

నేను చేసే పని చెబితే, ఆ వదిలేయడం ఎంత తప్పో మీకు అర్థమవుతుంది. పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో ఒక పల్లెలో ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ నేను నర్సుని. కాళ్లు వాచినాయని, ఆయాసంగా ఉందని ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న, పడుకున్నప్పుడు ఎన్ని దిండ్లు పెట్టుకుంటారని. గుండె సరిగ్గా పని చేయనప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. మనిషి తనకు తెలియకుండానే తల ఎత్తు పెంచుకుంటూ పోతాడు. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్క లేదు. కన్న తండ్రి తన చేతులతో ఎత్తు దిండు కుట్టుకుంటే మాత్రం నవ్వి ఊరుకున్నాను.

మా ఇంట్లో దగ్గు అనేది కొత్త కాదు. మా తాత దగ్గేవాడు, మా నాయన దగ్గేవాడు. దూది పనిలో ఉన్నవాళ్లకు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది కదా, అంతే అనుకునేవాళ్లం. రెండేళ్ల కిందట దగ్గు ఎక్కువైతే ఊపిరితిత్తుల మందు పీల్చుకోమని ఒక డాక్టరు రాసిచ్చాడు. అది అయిపోయినప్పుడల్లా నేనే పెనుకొండలో కొని తెచ్చిచ్చేదాన్ని. ఆయన దాన్ని పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు తప్పకుండా పీల్చేవాడు. తగ్గిందా అని అడిగితే తగ్గిందనేవాడు. నేను బాధపడతానని అలా అనేవాడని తర్వాత తెలిసింది.

మూడు నెలలు గడిచాయి. మళ్లీ ఒక ఆదివారం. భోజనం చేశాక కాసేపు నడుం వాలుద్దామని దిండు కోసం వెతికాను. పడకగదిలో లేదు. బీరువా మీద లేదు. దిండ్లు కుట్టి అమ్మే ఇంట్లో కూతురు పడుకోవడానికి ఒక్క దిండు దొరకలేదు.

"ఉన్నవన్నీ ఆయన వీపు కిందికే పోయినాయి మే," అంది మా అమ్మ.

వరండాలోకి వెళ్లి చూశాను. నాయన ఆ ఎత్తు దిండు మీద ఇంకో రెండు వేసుకుని, గోడకు చేరగిలబడి నిద్రపోతున్నాడు. పడుకోవడం కాదు అది, కూర్చోవడమే. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గొంతు కింద గుంట, ఊపిరి తీసిన ప్రతిసారీ లోపలికి పోతోంది. నిద్ర లేచేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను.

లేచాక, ఊపిరి ఆడకుండా ఉంటోందా అని అడిగాను. లేదన్నాడు. గుండె నొప్పి? లేదు. కళ్లు తిరగడం? లేదు. ఆయన అబద్ధమాడుతున్నట్టు నాకు అనిపించలేదు. మా కేంద్రంలో ఇదివరకు పని చేసిన ఒక ముసలి డాక్టరు ఎప్పుడూ ఒక మాట చెప్పేవాడు. గుండె జబ్బు మెల్లగా ముదిరినవాళ్లు కష్టమైన పనులు ఒక్కొక్కటే వదిలేస్తారు. ఆయాసం వచ్చే పనే చేయరు కాబట్టి వాళ్లకు ఆయాసం ఉండదు. అందుకని బాధ ఏమిటని కాదు, పోయిన ఏడాది చేసి ఈ ఏడాది మానేసిన పనులేమిటని అడగాలి.

అదే అడిగాను. ముందు నవ్వాడు. తర్వాత ఆలోచించాడు. తర్వాత వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

"దూది ఆరబెట్టేకి మిద్దె ఎక్కేది లేదు. వాకిట్లోనే ఆరేస్తాండా. మసీదుకు ఆటోలో పోతాండా, నడిస్తే కాళ్లు లాగుతాండాయి. పరుపు ఎత్తేకి పక్క అంగడాయప్పను పిలుస్తాండా. కింద కూర్చోని అన్నం తినేది వదిలిపెట్టినా. ముందుకు వంగితే ఏందో అదిమినట్లుంటాది."

నాలుగు వేళ్లు మడిచి వాటి వైపే చూస్తూ ఉండిపోయాడు. తన ఏడాది అలా గడిచిందని ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది. చెప్పులు సాయంత్రం పూట బిగుతుగా ఉంటున్నాయా అని అడిగితే, ఆ చెప్పులు వేసుకోవడం మానేసి పెద్దవి కొన్నానన్నాడు.

లుంగీ పైకి లాగి చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. వేలు తీసేశాక కూడా అక్కడ గుంట అలాగే ఉండిపోయింది. నా బ్యాగులో స్టెతస్కోపు ఎప్పుడూ ఉంటుంది. మా నాయన గుండె మీద దాన్ని పెట్టడం అదే మొదటిసారి. పదేళ్లుగా ఊళ్లో అందరి గుండెలూ వింటున్నాను, ఇంట్లో మనిషిది వినాలని ఎప్పుడూ తోచలేదు. ఒక చప్పుడుకూ ఇంకో చప్పుడుకూ మధ్య నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట గరగరమని ఒక శబ్దం వినిపించింది. కుడి వైపు పైన, ఛాతీ ఎముక పక్కన ఎక్కువగా ఉంది. మెడ దగ్గర పెట్టినా అదే. నేను డాక్టరును కాదు. అదేమిటో పేరు పెట్టి చెప్పలేను. మంచిది కాదని మాత్రం తెలుసు.

రేపు డాక్టరు దగ్గరికి పోదామన్నాను. గురువారానికి నాలుగు పెళ్లి పరుపులు ఇవ్వాలి, ఆ తర్వాత చూద్దామన్నాడు. నేను వాదించబోతుంటే మా అమ్మ గడపలో నిలబడి, "రేపే పోతాండాం," అంది. మా అమ్మ అలా ఒక్క మాటలో తేల్చి చెప్పడం చాలా అరుదు.

హిందూపురంలోనే ఒక చిన్న ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. యాభై దాటిన మనిషి. మా వైపు పల్లె మాటే మాట్లాడుతుంది. నాయనను కూర్చోబెట్టి ఆయనతో కొంచెం మాట్లాడింది. ఆయన అన్నిటికీ బాగుందనే చెప్పాడు. ఆమె కుర్చీ మా అమ్మ వైపు తిప్పింది.

"ఏమ్మా, ఈయప్ప ఎట్ల నిద్రపోతాడు?"

మా అమ్మ ఆసుపత్రుల్లో మాట్లాడే మనిషి కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ పక్కన నిలబడుతుంది. ఆ రోజు మాత్రం కొంగు తీసి చెప్పడం మొదలుపెట్టింది. పడుకున్న రెండు గంటలకు ఉలిక్కిపడి లేస్తాడట. కిటికీ దగ్గరికి పోయి ఊచలు పట్టుకుని నిలబడతాడట. పావుగంట తర్వాత నెమ్మదించి వచ్చి కూర్చుంటాడట. ముందు నెలకు ఒకసారి, తర్వాత వారానికి ఒకసారి, ఇప్పుడు రోజూ. మాట్లాడుతుంటే వాక్యం మధ్యలో ఆగుతున్నాడట. ఉగాదికి ముందు ఒకసారి మిషను దగ్గర కళ్లు చీకట్లు కమ్మి కూలబడ్డాడట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

"ఆయప్ప లేచినప్పుడంతా నేనూ మేలుకోనే ఉంటాను మేడం. నిద్రపోయినట్ల పండుకోని చూస్తాంటాను," అంది.

నాయన తల దించుకున్నాడు. నేను అమ్మ ముఖం చూడలేకపోయాను. ఇన్నాళ్లు నేను వచ్చిన ప్రతి ఆదివారమూ నేను అడుగుతానని ఆమె ఎదురు చూసి ఉంటుంది.

డాక్టరమ్మ ఆయన్ను మంచం మీద కొంచెం వాలుగా పడుకోబెట్టి మెడ మీద నరం ఎంత ఎత్తు వరకు కొట్టుకుంటోందో చూసింది. నాడి పట్టుకుని చాలాసేపు చూసింది. అరచేయి ఛాతీ మీద ఆనించింది. నాలుగు చోట్ల విన్నది. ఎడమ పక్కకు తిప్పి విన్నది. లేపి కూర్చోబెట్టి, ముందుకు వంగమని, ఊపిరంతా వదిలేసి బిగపట్టమని చెప్పి మళ్లీ విన్నది. వీపు కింది భాగంలో విన్నది. ఆ పరీక్ష అయ్యేసరికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. బయట ఇరవై మంది కాచుకుని ఉన్నారు. ఆమె మాత్రం తొందరపడలేదు. చివరికి తన స్టెతస్కోపు నా చెవులకు ఇచ్చి, గుండె నుంచి ఒంట్లోకి రక్తం బయటికి పోయే చోట ఉండే వాల్వు గట్టిపడి ఇరుకైనట్టుంది, నువ్వు విన్నది అదే అని చెప్పింది. ఆ ఇరుకులోంచి నెట్టి నెట్టి గుండె అలిసిపోయింది. దాన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటారు అంది.

ఫెయిల్ అనే మాట వినగానే మా అమ్మ గోడకు ఆనుకుంది. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టింది. ఫెయిల్ అంటే ఆగిపోవడం కాదని, చేయాల్సినంత పని చేయలేకపోవడమని, కారణం తెలిస్తే బాగు చేసే దారి ఉంటుందని నిదానంగా చెప్పింది.

నాయన అప్పుడు తలెత్తాడు.

"ఫెయిలైతే సప్లిమెంటరీ ఉంటాది గదా మేడం?"

ఆమె నవ్వింది. ఉంటుందంది. నాకు మాత్రం ఆ నవ్వులో కలవడానికి ధైర్యం చాల్లేదు.

ఆ రోజే ఈసీజీ తీశారు. గుండె గోడ మందమైందని అందులో తెలిసింది. ఎక్స్‌రేలో గుండె నీడ పెద్దదిగా, ఊపిరితిత్తుల అడుగున నీటి పొర కనబడింది. గుండె మీద ఎంత ఒత్తిడి ఉందో చెప్పే రక్త పరీక్ష ఒకటి చేయించారు, అది కూడా బాగా ఎక్కువగా వచ్చింది. నీరు పోవడానికి మాత్ర కొద్ది మోతాదులో మొదలుపెట్టారు. ఇలాంటి వాల్వు ఉన్నవాళ్లకు ఒక్కసారిగా నీరు లాగేస్తే బీపీ పడిపోతుందట, అందుకని రోజూ బరువు చూసి చెప్పమన్నారు. గుండె స్కానింగు, అంటే ఎకో చేసే డాక్టరు వారానికి రెండు రోజులే వస్తాడు. మాకు నాలుగు రోజుల తర్వాత వంతు వచ్చింది.

ఎకో గదిలో నన్ను లోపల ఉండనిచ్చారు. చీకటి గది, చల్లటి జెల్లు, చిన్న తెర. నాయన ఎడమ పక్కకు తిరిగి పడుకుని తన గుండెను తాను చూసుకుంటున్నాడు. వాల్వుకు మూడు రెక్కలు ఉండాలి, అవి ప్రతిసారీ బాగా విచ్చుకోవాలి. ఆయనవి సున్నం పట్టినట్టు తెల్లగా, మందంగా ఉన్నాయి. మధ్యలో సన్నటి చీలిక మాత్రం తెరుచుకుంటోంది. డాక్టరు రంగులు పెట్టి చూపించాడు. ఆ చీలికలోంచి రక్తం వేగంగా చిమ్ముతోంది. గుండె పిండే బలం తగ్గింది కానీ మరీ పడిపోలేదన్నాడు. కొలతలు మూడుసార్లు తీసుకుని, వాల్వు మార్చాల్సిందేనని, ఇప్పుడైతే గుండె మళ్లీ కోలుకునే అవకాశం బాగా ఉందని రాసిచ్చాడు.

నాయన ఆసక్తిగా అన్నీ అడిగాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆపరేషన్ వద్దన్నాడు.

ఆయన చెప్పే కారణం బలంగానే ఉంది. మాత్రలు వేసుకున్న నాలుగు రోజుల్లో మూడు కిలోలు తగ్గాడు. కాళ్ల వాపు పోయింది. రెండు దిండ్లతో నిద్రపోతున్నాడు. ఇంత బాగైన మనిషిని ఎందుకు కోయాలి? మాత్ర నీటిని తీస్తుంది కానీ ఇరుకైన వాల్వును వెడల్పు చేయదని నేను చెప్పాను. డాక్టరమ్మ చెప్పింది. ఆయన అన్నిటికీ తల ఊపి, చివరికి ఒకటే మాట అనేవాడు.

"పరుపులు విప్పి మళ్లీ కుట్టిన చేత్తో చెప్తాండా మా. విప్పి కుట్టిన చోట మునుపటి మాదిరి ఉండదు."

రెండు వారాలు ఇదే మాట. నేను కోప్పడ్డాను, ఏడ్చాను, మాట్లాడడం మానేశాను. ఏదీ పని చేయలేదు. ఒక నర్సుగా నేను చెప్పగలిగిందంతా అయిపోయింది. ఆపరేషన్ చేయించుకున్న మనిషి నోటి మాట ఆయనకు కావాలి. అది నా దగ్గర లేదు.

మా కేంద్రంలో మందులిచ్చే ఆమెది ధర్మవరం. నా గోడు విని, మా అన్నకు పదకొండేళ్ల కిందట వాల్వు మార్చినారు, మీ నాయనను ఒకసారి తీసుకురారాదా అంది. ఆయన పట్టు చీరలు నేస్తాడట. ఆపరేషన్ సంగతి చెప్పకుండా, ధర్మవరంలో ఒకరి ఇంటికి పోయి వద్దామని మాత్రమే నాయనతో అన్నాను. ఆయన పిచ్చివాడు కాదు. సంగతేమిటో అర్థమైంది, అయినా సరేనన్నాడు. అమ్మా నాయనా హిందూపురంలో రైలెక్కారు, నేను పెనుకొండలో ఎక్కాను.

ఆ నేతగాడికి నలభై ఐదేళ్లు ఉంటాయి. మేం వెళ్లేసరికి గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీద ఉన్నాడు. మామిడి చిగురు రంగు చీర, సగం దాకా వచ్చింది. నాయన ముందు ఆయన చేతుల వైపు, తర్వాత ఆయన కాళ్ల వైపు చూశాడు. నేతగాడు రెండు కాళ్లతో మార్చి మార్చి తొక్కుతూనే మాతో మాట్లాడుతున్నాడు. ఎక్కడా ఊపిరి తెగడం లేదు.

చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం, కీళ్ల వాపు వచ్చి తగ్గిపోయాయట. దాని వల్ల గుండె వాల్వు పాడైందని ముప్పై ఏళ్లు దాటాక కానీ తెలియలేదట. ఆపరేషన్‌కు ముందు ఒక మూర నేసేలోపు నాలుగుసార్లు ఆగేవాడినని చెప్పాడు. ఆ మాట చెప్పి మగ్గం దిగివచ్చాడు. భార్యతో ఫ్యాను ఆపమన్నాడు. వీధి తలుపు వేయించాడు. చొక్కా గుండీలు విప్పి నాయన పక్కన కూర్చున్నాడు.

"వినపడతాందా అన్నా?"

మొదట నాకేమీ వినిపించలేదు. తర్వాత, చేతి గడియారం లాగా, టిక్కు టిక్కుమని సన్నగా వినిపించింది. ఆయన గుండెలోని లోహపు వాల్వు అది. తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా ఆ చప్పుడు. మా అమ్మ కూడా ముందుకు వంగి విన్నది. నాయన తన చెవిని ఆయన ఛాతీకి దగ్గరగా పెట్టి అలాగే చాలాసేపు ఉన్నాడు. ఇద్దరు పెద్దవాళ్లు, గంట కిందటి దాకా ఒకరికొకరు తెలియనివాళ్లు, అలా కూర్చుని ఉంటే ఆ గదిలో ఎవరమూ కదల్లేదు.

తలెత్తి నాయన అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"మగ్గం ఎన్నాళ్లకు ఎక్కినావప్పా?"

"నాలుగు నెలలకు. ముందు దారం చుట్టేది, మళ్ల నేసేది. తొందరపడల్యా."

"నొప్పి?"

"దగ్గు వస్తే కష్టం. ఎముక కోసింటారు గదా. ఒక చిన్న దిండు గుండెకు అదిమి పట్టుకోని దగ్గమంటారు. రెండు నెలలు ఆ దిండు ఇడిసిపెట్టల్యా నేను."

ఏ సైజు దిండు, ఎంత గట్టిగా ఉండాలి అని నాయన అడిగాడు. చేతులతో కొలత చూపించాడాయన. లోహపు వాల్వు కాబట్టి రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలని, నెల నెలా రక్తం చూపించుకోవాలని, ఆకుకూరలు ఒక రోజు అసలు తినకుండా ఇంకో రోజు విపరీతంగా తినకూడదని, అన్నీ దాచకుండా చెప్పాడు. సులువని ఎక్కడా అనలేదు. మాకు భోజనం పెట్టి పంపించారు.

తిరుగు రైల్లో నాయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. పెనుకొండ స్టేషన్ వస్తుంటే దిగడానికి లేచాను. అప్పుడన్నాడు, "డాక్టరమ్మకు చెప్పు మా. చేయించుకుంటా."

తర్వాతి నెలలో బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్. దానికి ముందు గుండె రక్తనాళాలు చూశారు, పళ్లు చూశారు. పళ్లెందుకని నాయన ఆశ్చర్యపోయాడు. పుచ్చు పన్ను నుంచి క్రిములు రక్తంలో కలిసి కొత్త వాల్వుకు పట్టుకోవచ్చని చెప్పి, రెండు పళ్లు పీకించారు. ఆయన వయసుకు లోహంది కాకుండా జంతువు పొరతో చేసిన వాల్వు మేలన్నారు, దానికైతే జీవితాంతం ఆ రక్తం మాత్ర అక్కర్లేదు. ఏ జంతువుదని నాయన మొహమాటపడుతూ అడిగాడు. పందిదీ ఉంటుంది, పశువుదీ ఉంటుందని సర్జను చెప్పాడు. పశువుదే పెట్టమన్నాడు నాయన. ఆ సర్జనుకు ఈ ప్రశ్న కొత్త కాదనుకుంటాను, తల ఊపి రాసుకున్నాడు.

ఆపరేషన్ థియేటరు బయట అమ్మా నేనూ ఐదు గంటలు కూర్చున్నాం. ఎదురు కుర్చీలో ఒక కన్నడ ఆమె తన భర్త కోసం కూర్చుని ఉంది. అమ్మకు హిందూపురంలో అందరికీ వచ్చినంత కన్నడం వచ్చు. వాళ్లిద్దరూ వంటల గురించి, ఉప్పు తగ్గిస్తే చారు ఎలా రుచి చేయాలో మాట్లాడుకున్నారు. సర్జను బయటికొచ్చి, వాల్వు బాగా కూర్చుంది, గుండె తనంతట తాను మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టిందని చెప్పాడు. అమ్మ ముందు ఆ కన్నడ ఆమె చేయి పట్టుకుంది, తర్వాత నాది.

మూడో రోజు నాయన వార్డులోకి వచ్చాడు. దగ్గినప్పుడు అదుముకోవడానికి ఆయన ఇంటి దగ్గరే కుట్టి తెచ్చుకున్న చిన్న దిండు ఉంది. నలుచదరంగా, నీలం గళ్ల గుడ్డతో. పక్క మంచం మనిషి అది చూసి తనకూ ఒకటి కావాలన్నాడు. ఆ వార్డులో మొత్తం ఆరుగురు అడిగారు. ఇంటికొచ్చిన నెలన్నరకు, బరువు ఎత్తకూడదు కానీ సూది పట్టుకోవచ్చని డాక్టరు చెప్పగానే, ఆయన మొదట చేసిన పని ఆ ఆరు దిండ్లు కుట్టి, వాళ్లు ఇళ్లకు పోయినా కొత్తగా వచ్చేవాళ్లకైనా పనికొస్తాయని బెంగళూరు వార్డుకు పంపడం.

ఒక విషయంలో మాత్రం నిరాశపడ్డాడు. ఈ వాల్వు చప్పుడు చేయదు. ఫ్యాను ఆపి, తలుపు వేసి, అమ్మను వినమన్నాడట. ఆమెకు మామూలు గుండె తప్ప ఏమీ వినిపించలేదట. ధర్మవరం ఆయనకు ఫోన్ చేసి, "నాది మూగదప్పా," అని చెప్పుకున్నాడు.

ఇంటి దగ్గర ఆయన్ను చూసుకున్నది నేను కాదు, మా అమ్మ. ఆమెకు చదువు రాదు. బరువు యంత్రం మీద అంకెలు గుర్తుపట్టడం వారం రోజుల్లో నేర్చుకుంది. పొద్దున ఒంటేలుకు పోయి వచ్చాక, టిఫిను తినక ముందు, అదే లుంగీతో ఆయన్ను యంత్రం ఎక్కించేది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమని డాక్టరమ్మ చెప్పింది. ఒక్క అర కిలో పెరిగినా నాకు ఫోన్ వచ్చేది. ఊరగాయ జాడీ పక్కింటికి ఇచ్చేసింది. ఆయన చాటుగా పక్కింటికి పోయి తిన్నాడని తెలిసి రెండు రోజులు మాట్లాడలేదు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ ఎకో తీశారు. గుండె పిండే బలం ఇంచుమించు మామూలుకు వచ్చింది. మందమైన గోడ తగ్గడానికి ఇంకా సమయం పడుతుందన్నారు. నేను ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఇప్పుడు ఆయన మిద్దె ఎక్కుతాడు. పరుపులు మాత్రం ఇంకా పక్క అంగడాయనే ఎత్తుతాడు. బూరుగు దూది చూడ్డానికి ఒకసారి ఎవరికీ చెప్పకుండా కదిరికి బస్సులో పోయి, అక్కడి నుంచి నాకు ఫోన్ చేశాడు. నేను తిట్టడం మొదలుపెట్టేసరికి సిగ్నల్ లేదన్నాడు.

మా అమ్మలో వచ్చిన మార్పు నేను ఊహించనిది. పోయిన ఏడాది మా పక్క సందులో ఒక కోడలు, ఇరవై రెండేళ్ల పిల్ల, ఐదో నెల గర్భిణి. బిందె నింపుకుని నాలుగు అడుగులు వేసి ఆగడం, మళ్లీ నాలుగు అడుగులు వేసి ఆగడం మా అమ్మ మూడు రోజులు చూసింది. కడుపుతో ఉన్నప్పుడు అలాగే ఉంటుందని వాళ్ల అత్త అంది. నాలుగో రోజు మా అమ్మ ఆ అత్తనూ కోడలినీ ఇద్దరినీ వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయింది. నాకు సాయంత్రం దాకా చెప్పనే లేదు. ఆ పిల్లకు తీసిన ఎకోలో ఇంకో వాల్వు, గుండె పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది, ఇరుకైనట్టు తేలింది. మరీ ఎక్కువ కాదు. మందులతో, జాగ్రత్తగా చూసుకుంటూ నెలలు నింపొచ్చన్నారు. కాన్పు మాత్రం గుండె డాక్టరు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలన్నారు.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "ఆ పిల్లకుండే జబ్బు పేరేమి మే? డాక్టరమ్మ చెప్పింది గానీ నోరు తిరగల్యా," అని అడిగింది.

మైట్రల్ స్టెనోసిస్ అని చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. తనలో తాను అనుకుంటోంది, నాకు వినిపిస్తోంది. రెండుసార్లు తప్పు పలికింది. మూడోసారి సరిగ్గా వచ్చింది. ఆ పిల్లకు అనంతపురంలో ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు.